పంటి ఫిల్లింగ్ ఎందుకు నిలుస్తుంది, ఎందుకు ఊడుతుంది: చంద్రపూర్, కిన్వట్ వైపు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, వణి, కిన్వట్, సిరోంచా వైపు ఉండే మన తెలుగువాళ్ళలో పన్ను నొప్పి వస్తే నాగపూర్ రైలెక్కేవాళ్ళు కొందరు, మంచిర్యాల, కాజీపేట వైపు వెళ్ళేవాళ్ళు కొందరు. ఎక్కువమంది మాత్రం లవంగ నూనె పెట్టుకుని, భరించలేనంత అయ్యాక పీకించేసుకుంటారు. నేను పళ్ళ డాక్టర్‌ని. ఫిల్లింగ్ పదార్థాల మీద, వాటిని పంటికి అంటించే బాండింగ్ ద్రవాల మీద జరిగే రిసెర్చ్‌ని వదలకుండా చదువుతాను. ఆ రిసెర్చ్‌లో ఎక్కువ భాగం జబ్బు లేని శుభ్రమైన పళ్ళ మీద జరిగింది, మన పళ్ళేమో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవి, ఖర్రా (సుపారీ, పొగాకు, సున్నం కలిపింది) నమిలి అరిగినవి. కింద చాలా జవాబుల్లో ఈ తేడా గురించే మాట్లాడతాను, ఎందుకంటే మనకు పనికొచ్చే విషయం అక్కడే ఉంది.

ఫిల్లింగ్ పంటికి ఎలా అంటుకుంటుంది? లోపల జిగురు పూస్తారా?

పాతకాలం వెండి ఫిల్లింగ్ అసలు అంటుకోదు. గుంతని అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా తవ్వి అందులో కూరితే గట్టిపడి బయటికి రాకుండా కూర్చుంటుంది, అంతే. అలా తవ్వడానికి బాగున్న పన్ను కూడా కొంత పోయేది. దీన్ని మార్చింది అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన మైఖేల్ బ్యూనోకోర్. లోహానికి రంగు బాగా పట్టాలని ఫ్యాక్టరీల్లో ముందుగా ఫాస్ఫోరిక్ యాసిడ్ పూస్తారని ఆయన గమనించాడు, పంటి మీద కూడా అదే చేసి చూశాడు. 85 శాతం యాసిడ్‌ని 30 సెకన్లు ఉంచి కడిగేసి అక్రిలిక్ అంటిస్తే, మామూలు పంటి మీదకన్నా చాలా ఎక్కువ కాలం నిలిచింది. ఇది 1955లో అచ్చయింది. ఇప్పుడు వాడేది సాధారణంగా 37 శాతం యాసిడ్ జెల్, పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ మీద 15 నుంచి 30 సెకన్లు. యాసిడ్ తాకిన చోట కంటికి కనిపించని రంధ్రాలు పడతాయి, పల్చటి రెజిన్ (ప్లాస్టిక్‌లా గట్టిపడే) ద్రవం వాటిలోకి దిగి గట్టిపడి అక్కడే పట్టుకుంటుంది.

యాసిడ్ అంటున్నారు, పన్ను కరిగిపోదా?

పోయే పొర మిల్లీమీటర్‌లో నూరో వంతు దగ్గర ఉంటుంది. దానికి భయపడక్కర్లేదు. చిగురు మీద పడితే మండుతుంది, తెల్లబడుతుంది, కాబట్టి డాక్టర్ జాగ్రత్తగా పెట్టి బాగా కడగాలి.

పంటి రంగులో ఉండే ఆ మెత్తటి ముద్ద ఏంటి?

దాన్ని కాంపోజిట్ అంటారు. అందులో ఉండే ముఖ్యమైన రెజిన్ పేరు బిస్-జీఎంఏ, దాన్ని తయారుచేసింది రాఫెల్ బోవెన్, పేటెంట్ వచ్చింది 1962లో. ఉత్త రెజిన్ అయితే గట్టిపడేటప్పుడు బాగా ముడుచుకుంటుంది, నమిలితే అరిగిపోతుంది. అందుకని సన్నటి గాజు పొడి, క్వార్ట్‌జ్ పొడి కలిపారు, ఆ పొడికి సైలేన్ అనే రసాయనం పూసి రెజిన్‌తో కలిసిపోయేలా చేశారు. ఇన్నేళ్ళలో గాజు రేణువులు చాలా చిన్నవయ్యాయి, నునుపు పెరిగింది, రంగులు బాగా కలుస్తున్నాయి, అయినా అసలు నిర్మాణం బోవెన్ వేసిందే. గట్టిపడేటప్పుడు ముడుచుకోవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు, సుమారు 2 నుంచి 3 శాతం ఉంటుంది. వినడానికి తక్కువే అనిపిస్తుంది కానీ, అంటుకున్న గోడని లోపలికి లాగడానికి అది చాలు.

కొడుకు ముందు పన్ను అంచు విరిగితే అంటించింది ఏళ్ళ తరబడి ఉంది, నా దవడ పన్ను ఫిల్లింగ్ మాత్రం తొందరగా ఊడింది. డాక్టర్ తేడానా?

డాక్టర్ తేడా ఉండొచ్చు, కానీ ముందు పంటి లోపల ఉన్న తేడా చూడాలి. బయటి ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. యాసిడ్ పెట్టి, కడిగి, ఆరబెడితే సుద్దలా తెల్లగా అవుతుంది, అప్పుడు రెజిన్ హాయిగా దిగుతుంది. లోపలి డెంటిన్‌లో ఖనిజం 70 శాతం దగ్గర ఉంటుంది, మిగిలింది కొల్లాజెన్ పీచు, నీళ్ళు. పైగా దాన్నిండా సన్నటి గొట్టాలు, వాటిలో పంటి జీవం, అంటే నరం, నెత్తురు ఉండే మధ్య భాగం వైపు నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. గుంత ఎంత లోతుకి పోతే అంత తడి. అంటే దవడ పంటి లోతైన గుంతలో రెజిన్ ద్రవం తడిగా ఉన్న, బతికున్న పదార్థానికి అంటుకోవాలి. ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన సమస్య ఇదే.

1982లో జపాన్‌లో నోబువో నకబయాషి బృందం దీనికి దారి చూపించింది. యాసిడ్ ఖనిజాన్ని తీసేశాక మిగిలిన కొల్లాజెన్ పీచు మధ్యలోకి రెజిన్ దిగితే, పీచూ రెజినూ కలిసిన ఒక కొత్త పొర తయారవుతుంది. దాన్ని హైబ్రిడ్ లేయర్ అంటారు. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉంటుంది, మీ ఫిల్లింగ్ మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఇక్కడొక చిక్కుంది. యాసిడ్ కడిగాక గాలి కొట్టి పూర్తిగా ఆరబెడితే పీచు అణిగిపోతుంది, ఏకిన పత్తి నూనె పీల్చినట్టు దిమ్మె కట్టిన పత్తి పీల్చదు కదా, అలాగే ఆ అణిగిన పీచులోకి రెజిన్ దిగదు. మరీ తడి ఉంచితే నీటి బుడగలు మిగిలిపోతాయి. 1990ల మొదట్లో జాన్ కాంకా లాంటివాళ్ళు డెంటిన్‌ని కాస్త తేమగా వదిలేయాలని చూపించారు. ఆ 'కాస్త' ఎంత అనేది చెయ్యి తిరిగిన డాక్టర్‌కే తెలుస్తుంది, ఏ ప్యాకెట్ మీదా రాసి ఉండదు.

ఫిల్లింగ్ చేయించాక చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోంది. మళ్ళీ తీయించాలా?

తొందరపడొద్దు. డెంటిన్ గొట్టాల్లో నీరు అటూ ఇటూ కదిలితే నొప్పి పుడుతుందని స్వీడన్‌కు చెందిన బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో వివరించాడు, ఇప్పటికీ అదే ఎక్కువగా ఒప్పుకునే వివరణ. రెజిన్ సరిగా దిగక గొట్టాలు తెరిచి ఉన్నా, ముడుచుకోవడం వల్ల అడుగున సన్నటి సందు మిగిలినా జివ్వుమంటుంది. కొన్ని క్షణాలు అనిపించి పోతూ, రోజురోజుకీ తగ్గుతుంటే ఆగి చూడొచ్చు. కొరికితేనే నొప్పి అయితే ఫిల్లింగ్ ఎత్తుగా ఉండొచ్చు, కొంచెం అరగదీస్తే సరిపోతుంది. రాత్రి దానంతట అదే లేచి, పోట్లు పొడుస్తూ, వేడికి ఎక్కువయ్యే నొప్పి అయితే మాత్రం లోపల జీవం దెబ్బతింటోందని అర్థం, వెంటనే వెళ్ళండి.

మంచిగా చేసిన ఫిల్లింగ్ ఎన్నేళ్ళు ఉండాలి?

దవడ పళ్ళ కాంపోజిట్ ఫిల్లింగుల మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనాలు కొన్ని కలిపి 2014లో ఒక పెద్ద విశ్లేషణ వచ్చింది. ఐదేళ్ళ లెక్కలో ఏడాదికి సగటున 1.8 శాతం, పదేళ్ళ లెక్కలో ఏడాదికి 2.4 శాతం పాడయ్యాయి. అంటే ఎక్కువ భాగం పదేళ్ళు దాటాయి. పాడైనవాటిలో ముఖ్య కారణాలు రెండే: ఫిల్లింగ్ పక్కన మళ్ళీ పుచ్చడం, లేదా విరగడం. పుచ్చే స్వభావం ఎక్కువ ఉన్న నోట్లో అదే ఫిల్లింగ్ తొందరగా పోయింది. కాబట్టి ఖరీదైన సిమెంట్ పెట్టించుకుని రోజంతా తీపి చాయ్ తాగుతూ ఉంటే పైసలు దండగ.

ఇంకో సంగతి, పంటిలోనే ఎంఎంపీ అనే ఎంజైములు ఉంటాయి. రెజిన్ పట్టకుండా మిగిలిన కొల్లాజెన్ పీచుని అవి మెల్లగా కొరికేస్తాయని 2004లో డేవిడ్ పాష్లీ బృందం చూపించింది. అంటే బ్యాక్టీరియా లేకపోయినా బంధం లోపల్నుంచే సడలుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ద్రవం రాస్తే ఆ ఎంజైములు ఆగుతాయని ల్యాబ్‌లో బాగా తేలింది, మనుషుల నోట్లో చేసిన ట్రయల్స్‌లో మాత్రం అంత లాభం స్పష్టంగా కనిపించలేదు. ల్యాబ్‌లో మెరిసినది నోట్లో మెరవకపోవడం ఈ రంగంలో మామూలే, అందుకే కొత్త వస్తువు అనగానే నేను ఉత్సాహపడను.

క్లినిక్‌లో ఎనిమిదో జనరేషన్ బాండ్ అన్నారు. పెద్ద నంబర్ అయితే మంచిదేనా?

నంబర్‌ని పట్టించుకోకండి. అసలున్నవి రెండు దారులు. ఒకటి, యాసిడ్ పెట్టి కడిగి తర్వాత బాండ్ పూయడం. రెండోది, యాసిడ్ గుణం ఉన్న బాండ్‌నే నేరుగా పూయడం, దీన్ని సెల్ఫ్ ఎచ్ అంటారు. సెల్ఫ్ ఎచ్‌లో కడిగే పని లేదు కాబట్టి తడి-పొడి చిక్కు తగ్గుతుంది. జపాన్ కంపెనీ కురారే తయారుచేసిన 10-ఎండీపీ అనే అణువు పంటి కాల్షియంతో రసాయనికంగా కలిసి నీటికి తట్టుకునే పొర కడుతుంది, సెల్ఫ్ ఎచ్‌కి మంచి పేరు రావడానికి పెద్ద కారణం అదే. కానీ ఎనామెల్ మీద మెతక (యాసిడ్ గుణం తక్కువున్న) సెల్ఫ్ ఎచ్ అంత లోతుగా పట్టదు. అందుకని ఎనామెల్ అంచుకి మాత్రం విడిగా యాసిడ్ పెట్టి, లోపల డెంటిన్‌కి ఎండీపీ ఉన్న బాండ్ పూసే పద్ధతి చాలామంది వాడుతున్నారు, నాకూ అదే నచ్చుతుంది. ఎన్నో ఏళ్ళ రికార్డు ఉన్నవి పాత మూడు దశల యాసిడ్ పద్ధతి, రెండు దశల సెల్ఫ్ ఎచ్ పద్ధతి. ఒక్క సీసాలో అన్నీ పెట్టినవి చేయడానికి సులువు, వాటిలో బాగా పనిచేసేవీ ఉన్నాయి.

కంపెనీ కాగితం మీద '30 మెగాపాస్కల్స్' అని ఉంటుంది. దాన్ని నమ్మొచ్చా?

ఆ అంకె అబద్ధమని కాదు, అది చెప్పేది చాలా తక్కువ. పీకిన పంటిని, చాలాసార్లు ఆవు జాతి పశువుల పంటిని, చదునుగా కోసి, దాని మీద బాండ్ వేసి, ఒక రోజు నీళ్ళలో ఉంచి, మిషన్‌తో లాగి తెంపుతారు. తెగడానికి ఒక్కో చదరపు మిల్లీమీటర్‌కి పట్టిన బలమే ఆ అంకె. అసలు గుంతలో గోడలన్నీ ఒకేసారి లాగుతాయి, లోపల్నుంచి నీరు ఊరుతుంది, నెత్తురు, ఉమ్మి తగులుతాయి. చదును ముక్క మీద ఇవేవీ లేవు. ఒకే ల్యాబ్‌లో రెండు బాండ్లని పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, రెండు ల్యాబ్‌ల అంకెల్ని పక్కపక్కన పెట్టి ఇది గొప్ప అది తక్కువ అనడం తప్పు. నమూనాలని 5 డిగ్రీల నీళ్ళలో, 55 డిగ్రీల నీళ్ళలో మార్చి మార్చి ముంచడం, నెలల తరబడి నీళ్ళలో నానబెట్టడం చేసి ఆ తర్వాత కొలిచిన అంకెలకి కాస్త ఎక్కువ విలువ ఇవ్వొచ్చు. అన్నిటికన్నా విలువైనవి మనుషుల నోట్లో ఏళ్ళపాటు చూసినవి.

మా పళ్ళ మీద పసుపు, గోధుమ మచ్చలున్నాయి. ఇలాంటి పళ్ళకి ఫిల్లింగ్ పట్టదంటారు, నిజమా?

పట్టదని కాదు, తేలిగ్గా పట్టదు. చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటర్‌కి 1 మిల్లీగ్రాము మించకూడదని మన దేశ ప్రమాణం, వేరే నీళ్ళు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. పంటి ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, అంతకన్నా ఎక్కువ ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే ఈ మచ్చలు వస్తాయి. పెద్దయ్యాక ఆ నీళ్ళు తాగితే ఎముకలకి హాని ఉంటుంది కానీ పళ్ళకి కొత్తగా మచ్చలు రావు.

ఇలాంటి పంటికి పైపొర మామూలుకన్నా గట్టిది, యాసిడ్‌కి లొంగదు. దాని కిందేమో గుల్లగా, ఖనిజం తక్కువగా ఉంటుంది. మామూలు పంటి మీద తేల్చిన 15 సెకన్ల లెక్క ఇక్కడ చాలకపోవచ్చు. మచ్చలు తక్కువగా ఉంటే తేడా పెద్దగా లేదని కొన్ని పరీక్షల్లో వచ్చింది, మచ్చలు ముదిరిన పళ్ళలో బంధం తగ్గిందని చాలా పరీక్షల్లో వచ్చింది. డాక్టర్లు చేసేదేమంటే, పైపొరని సన్నగా గరుకు చేస్తారు లేదా యాసిడ్‌ని ఎక్కువసేపు ఉంచుతారు, మెతక సెల్ఫ్ ఎచ్ ఒక్కదాన్నే నమ్ముకోరు. మీ ఊళ్ళో పుట్టి పెరిగానని, చిన్నప్పటి నుంచి బోరు నీళ్ళేనని డాక్టర్‌కి ముందే చెప్పండి. నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో కూర్చున్న డాక్టర్‌కి లైట్ కింద ఆ మచ్చ ఖర్రా మరకలా కనిపించే అవకాశం ఉంది.

మచ్చలు పోవడానికే అడుగుతుంటే, తేలిక మచ్చలకి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో పైపైన రుద్దే మైక్రో అబ్రేషన్ ఉంది, జర్మనీలో తయారైన రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ ఉంది. ఈ రెండోదాంట్లో పల్చటి రెజిన్‌ని గుల్ల ఎనామెల్‌లోకి పీల్చుకునేలా చేస్తారు, తెల్ల మచ్చలు చాలావరకు కలిసిపోతాయి. ముదురు గోధుమ రంగు మచ్చలకి ఇవి చాలవు. పెళ్ళి చూపుల టెన్షన్‌లో పళ్ళన్నీ గీకించి క్యాప్‌లు వేయించుకునే అమ్మాయిల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ముందు తక్కువ తవ్వే పద్ధతి అడగండి.

ఖర్రా తింటాను. ఫిల్లింగ్ నిలుస్తుందా?

సూటిగా చెప్తాను, కష్టం. సుపారీ గట్టిది, ఏళ్ళ తరబడి నమిలితే పళ్ళు అరిగి లోపలి డెంటిన్ బయటపడుతుంది. అలా అరిగిన డెంటిన్ తనని తాను కాపాడుకోవడానికి గొట్టాలని ఖనిజంతో మూసేసుకుంటుంది, నునుపుగా, పసుపు గాజులా అవుతుంది. యాసిడ్ దాన్ని సరిగా తినలేదు, రెజిన్ దిగదు. రిసెర్చ్‌లో ఇలాంటి గట్టిపడ్డ డెంటిన్ మీద బంధం మామూలు డెంటిన్‌కన్నా తక్కువే వచ్చింది. గుడాఖు (పొగాకు పేస్ట్)తో గట్టిగా పళ్ళు తోమే ఆడవాళ్ళలో చిగురు దగ్గర పడే గాట్లలోనూ ఇదే పరిస్థితి. అక్కడ పైపొరని కొంచెం గరుకు చేసి అంటించాలి.

అంతకన్నా పెద్ద ఇబ్బంది నోరు తెరుచుకోకపోవడం. సుపారీ వల్ల బుగ్గల లోపల నార గట్టిపడి, మూడు వేళ్ళు పట్టే నోరు ఒక వేలికి వచ్చేస్తుంది. వెనక దవడ పంటిని పొడిగా ఉంచలేం, కాంపోజిట్‌ని గట్టిపరిచే నీలం లైట్ కొసని నిటారుగా పెట్టలేం, దూరం నుంచి, పక్క నుంచి కొట్టిన లైటుకి అడుగున ఉన్న కాంపోజిట్ సరిగా గట్టిపడదు. అలాంటి నోటికి ఎంత మంచి బాండ్ తెచ్చినా ఉపయోగం తక్కువ, గ్లాస్ అయోనమర్ అనే సిమెంట్ నయం. నోరు బిగుసుకుంటోందంటే, కారం తగిలితే మండుతోందంటే అది క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్న జబ్బు. ఫిల్లింగ్ సంగతి తర్వాత, ముందు ఖర్రా మానేసి దవాఖానలో చూపించుకోండి.

గ్లాస్ అయోనమర్ అంటే చవక సిమెంటే కదా?

చవకే, కానీ తీసిపారేయాల్సినది కాదు. లండన్‌లో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ కనిపెట్టారు, 1970ల మొదట్లో బయటికొచ్చింది. బాండ్ లేకుండానే పంటి కాల్షియంతో రసాయనికంగా అంటుకుంటుంది, కొంత తడిని ఓర్చుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది. కాంపోజిట్ అంత బలం లేదు, నమిలే చోట అరుగుతుంది. మొదటి కొన్ని గంటలు నీళ్ళకి, ఎండిపోవడానికి రెండింటికీ పాడవుతుంది, అందుకే పైన వార్నిష్ పూస్తారు.

జివతి గుట్టల మీద, సిరోంచా లోపలి ఊళ్ళలో, కరెంటు నమ్మకం లేని చోట దీనికి సాటి లేదు. 1980ల మధ్యలో టాంజానియాలో యో ఫ్రెన్‌కెన్ మొదలుపెట్టిన ఏఆర్‌టీ పద్ధతిలో మిషన్ లేకుండా, చేతి పనిముట్లతో మెత్తబడిన పుచ్చుని గీరేసి ఈ సిమెంట్‌తో మూసేస్తారు. చాలాసార్లు మత్తు సూది కూడా అక్కర్లేదు. ఒకే వైపు ఉన్న గుంతలకి ఫలితాలు బాగున్నాయి, రెండు పళ్ళ మధ్య పుచ్చినవాటికి అంత బాగా లేవు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో గ్లాస్ అయోనమర్‌ని, పుచ్చుని ఆపే సిల్వర్ డైఅమైన్ ఫ్లోరైడ్‌ని చేర్చింది. ఈ రెండోది పూస్తే పుచ్చిన చోటు నల్లగా అవుతుంది, పిల్లల పాల పళ్ళకైతే ఒప్పుకోండి, ఆ నలుపు కంటే పిల్ల రాత్రంతా ఏడవకుండా ఉండటం ముఖ్యం.

నోట్లో పాత వెండి ఫిల్లింగ్ ఉంది. పాదరసం అంటున్నారు, తీయించాలా?

బరువులో సగం దాకా పాదరసమే, నిజం. పాదరసం వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది, 2022లో పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి వాడొద్దని ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి, యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి దాదాపు ఆపేసింది. ఇందులో పెద్ద కారణం పర్యావరణం. బాగున్న పాత ఫిల్లింగ్‌ని ఊరికే తవ్వితేనే ఆవిరి ఎక్కువ వస్తుంది, పన్ను కూడా పోతుంది. విరిగినా, పక్కన పుచ్చినా అప్పుడు మార్పించండి.

నీలం లైట్ పెట్టి చేసేది లేజర్ ఫిల్లింగేనా?

కాదు, అది ఎల్‌ఈడీ. కాంపోజిట్‌లో ఉండే క్యాంఫర్‌క్వినోన్ సుమారు 470 నానోమీటర్ల నీలం కాంతిని పీల్చుకుని రెజిన్‌ని గట్టిపరుస్తుంది. మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి ఒక్కో పొరకీ లైట్ పెట్టాలి. మీరు ఆ లైట్ వైపు చూడకండి.

ఎండాకాలంలో చేయించిన ఫిల్లింగులు తొందరగా ఊడతాయంటారు. నిజమా?

కాలానికి సంబంధం లేదు, సీసా ఎక్కడ ఉంచారన్నదానికి ఉంది. బాండ్‌లో ఆల్కహాలో, అసిటోనో ఉంటుంది, అవి ఆవిరైపోతే ద్రవం చిక్కబడి పీచులోకి దిగదు. ఎక్కువ సీసాల మీద 25 డిగ్రీలు మించకూడదని ఉంటుంది. మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, కొరియర్ బండిలో, కరెంటు పోయిన క్లినిక్‌లో ఆ సీసా ఏమవుతుందో ఊహించండి. దీని మీద మన దగ్గర ఎవరైనా పరీక్ష చేయాలని నా కోరిక. తోటి డాక్టర్లకి చెప్పేది, ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు కాసేపు బయట ఉంచండి, చుక్క తీయగానే మూత పెట్టండి.

మా పళ్ళ మీద రిసెర్చ్ జరగాలంటే మేమేం చేయగలం?

చేయగలిగింది ఉంది. ఫ్లోరైడ్ మచ్చల పళ్ళ మీద పరీక్ష చేయాలంటే అలాంటి పళ్ళు దొరకాలి. జ్ఞానదంతం అడ్డంగా ఉండో, క్లిప్పుల కోసమో పన్ను తీయించుకోవడానికి నాగపూర్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకో ఇంకో కాలేజీకో వెళ్తే, ఈ పన్ను రిసెర్చ్‌కి వాడుకుంటారా అని అడగండి. వాడుకుంటామంటే మీ సంతకం తీసుకోవాలి, మీ పేరు బయటికి రాదు, ఇవ్వనని చెప్పినా వైద్యంలో తేడా ఉండకూడదు. మీరు పుట్టిన ఊరు, చిన్నప్పుడు తాగిన నీళ్ళ వివరం రాయించండి, అది లేకపోతే ఆ పన్ను విలువ సగం పోతుంది. ఇంట్లో డబ్బాలో దాచిన పాత పన్ను తీసుకెళ్ళొద్దు, ఎండిపోయిన పన్ను బాండింగ్ పరీక్షకి పనికిరాదు. తీసిన వెంటనే కడిగి, తగిన ద్రవంలో వేసి, చల్లగా ఉంచాలి, ఆ పని కాలేజీవాళ్ళే చేస్తారు. కాగితం మరాఠీలోనో ఇంగ్లీష్‌లోనో ఉంటే చదివి వినిపించమనండి, అర్థమయ్యాకే సంతకం పెట్టండి.